గింజల దొంగ

వెనక వీధిలో కొత్తగా దిగిన ఓరిన్‌ది చేతివాటమని, తెల్లవారకముందే పెరళ్ళలో దూరి పిట్టలకు పోసిన గింజలు ఎత్తుకుపోతాడని పక్కింటి ఆర్డిస్ కబురు మోసుకొచ్చింది. తను చూసిందా అంటే లేదు. ఉత్తరాలు పంచే ఆవిడ చూసిందట.

మార్లిస్ నమ్మలేదు. అయినా మర్నాటి నుంచి కాఫీ కప్పుతో వంటింటి కిటికీ దగ్గరే నిలబడడం మొదలుపెట్టింది.

పెరట్లో మేపుల్ చెట్టు కొమ్మకు పిట్టల కోసం వేలాడదీసిన గింజల గొట్టం ఆమెకు ప్రాణం. పక్షవాతంతో మాట పడిపోయిన భర్త ఎమ్మెట్‌కు, మంచం పక్క కిటికీలోంచి కనిపించే పసుపు పిట్టలు, గోల్డ్‌ఫించ్‌లే లోకం. తెల్లవారుతూనే అతను కిటికీ వైపు రెండు వేళ్ళు ఎత్తేవాడు. గోల్డ్‌ఫించ్‌లు వచ్చాయన్నమాట. ఆ పూట జావ గొంతు దిగేది.

అందుకే గొట్టం ఖాళీ కానిచ్చేది కాదు. సగానికి దిగితే చాలు, గరాజ్‌లోని పాత బస్తాలోంచి నల్లటి వలిసెలు తెచ్చి పైన పోసేసేది. అడుగున ఏముందో ఎన్నడూ చూడలేదు.

శనివారం పొద్దున దొంగ దొరికాడు. గొట్టం బోర్లించి గింజలన్నీ సంచిలోకి దులుపుతున్నాడు.

"సిగ్గు లేదూ? మంచాన పడ్డ మనిషికున్నవే ఆ నాలుగు పిట్టలు. వాటి తిండే దొరికిందా నీకు?"

"అడుగున ఒకసారి చూడండమ్మా, ఇవి..."

"నాకేం చూపించక్కర్లేదు. అక్కడ పెట్టేసి పో. మళ్ళీ నా గడ్డి మీద కాలు పెట్టకు."

ఓరిన్ ఎమ్మెట్ కిటికీ వైపు చూసి టోపీ తీశాడు. చెట్టు మొదట్లో ఉన్న ఇంకో సంచి కూడా అందుకుని వెళ్ళిపోయాడు. అది ఎవరింట్లో దోచిందో అనుకుంది మార్లిస్.

గొట్టం నిండా తనే పోసింది. వారం తిరిగేసరికి పిట్టలు పలచబడ్డాయి. తర్వాత రావడమే మానేశాయి. గింజలు వానకు తడిసి గడ్డకట్టాయి.

ఎమ్మెట్ వేళ్ళు మళ్ళీ లేవలేదు. జావ గడ్డం మీదుగా కారిపోయేది. ఎండలు ముదరకముందే పోయాడు.

ఖననం అయ్యాక చర్చి కింది గదిలో భోజనాలు. హామ్ శాండ్‌విచ్ నములుతూ ఆర్డిస్, ఆ దొంగకు మొహం చెల్లక రాలేదు చూశారా అంది.

గింజల కొట్టు ఎల్డన్ ప్లేటు కింద పెట్టాడు.

"దొంగేమిటి? వారం వారం నా దగ్గర తాజా వలిసెలు కొనేవాడు. మీ గొట్టంలో బూజు పట్టినవి ఎంత తీస్తే అంత కొత్తవి పోసేవాడు. పాతబడ్డ గింజను ఆ పిట్టలు ముట్టవు."

మార్లిస్ అతనివైపు తిరిగింది.

"మాకెందుకు పోశాడు?"

"పోసినప్పుడల్లా ఎమ్మెట్ కిటికీలోంచి రెండు వేళ్ళెత్తి పలకరించేవాడట. ఈ ఊళ్ళో తనను పలకరించింది ఆయనొక్కడే అనేవాడు."

మార్లిస్ గదంతా కలయజూసింది.

"మరి ఇవాళ ఎందుకు రాలేదు?"

"వచ్చాడు. శ్మశానం కంచె అవతల, రోడ్డు మీదే నిలబడ్డాడు. గడ్డి మీద కాలు పెట్టొద్దన్నారటగా."