సైలెన్స్ టీచర్

"పన్నెండింటికి వచ్చి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను" అన్నారు హెడ్ మేడమ్. "ఈ క్లాసులో ప్రత్యేక శ్రద్ధ కావాల్సిన బిడ్డ ఒకరున్నారు. ఆ బిడ్డకి ఏం కావాలో చెప్పండి చాలు. సరిగ్గా చెబితే ఉద్యోగం మీదే."

పసుప్పచ్చ ఫైలొకటి చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. కొత్త టీచర్ దాన్ని తీసుకెళ్ళి బీరువా మీద పెట్టింది.

"ఫైలు చూడరా మేడమ్?" అంది ఆయా.

"ఇరవై రెండేళ్ళ సర్వీసమ్మా నాది. అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు చాలు."

ఆయా ఇంకేదో అనబోయింది. అప్పటికే టీచర్ వేలు పెదాల మీదికి వెళ్ళింది.

"సైలెన్స్! నోట్లోంచి ఒక్క మాట రాకూడదు. నీకూ అదే మాట, ఆయా."

పాత బడిలో ఆవిడ పేరే సైలెన్స్ టీచర్. ఆ బడి మూతపడి ఏడాదయింది. ఈ ఏడాదిలో నాలుగు బడులు "కబురు చేస్తాం" అన్నాయి. ఒక్క కబురూ రాలేదు. "ఇంకెందుకు వదినా ఈ తిరుగుడు, హాయిగా ఇంట్లో కూర్చోక" అని ఆడపడుచు అన్నప్పుడల్లా ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. ఈ ఉద్యోగం ఆవిడకి కావాలి. కావాలంటే కావాలి.

పందొమ్మిది నోళ్ళు టక్కున మూసుకున్నాయి.

నాలుగేళ్ళ పిల్లల గదంటే సంతే అని అందరూ భయపెట్టారు. ఇక్కడ చూస్తే గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. పిల్లల చేతులు మాత్రం కుదురుగా లేవు. ఆ వయసంతే అని ఆవిడ వదిలేసింది.

ఒక్కొక్కరి చొక్కా మీద పేరుకి బదులు ఒక్కో బొమ్మ అంటించి ఉంది. పది గంటలకి చేప బాబు లేచాడు. వెంటనే అటు మూల నుంచి ముగ్గురు, ఇటు నుంచి ఇద్దరు లేచి, వరసగా వెళ్ళి నీళ్ళు తాగొచ్చి కూర్చున్నారు. పిలుపు లేదు, తోపులాట లేదు. క్రమశిక్షణంటే ఇదీ అనుకుంది టీచర్.

పదిన్నరకి అందరూ ఒక్కసారే కిసుక్కున నవ్వారు. ఎందుకో తెలియలేదు. చేప బాబు వేలితో ముక్కుని పైకి తోసుకున్నాడు. వాణ్ణి చూసి ఇంకొకడూ తోసుకున్నాడు. జలుబులు కాబోలనుకుని, జారిన కళ్ళద్దాలను వేలితో పైకి తోసుకుని, వెళ్ళి కిటికీ మూసింది.

ఇక మిగిలింది ఆ ఒక్క మెతుకు. అది బల్ల కింద దొరికింది.

డప్పు బాబు. అందరికీ వీపు పెట్టి కూర్చుని, కాగితమంతా నీలం రంగు పూస్తున్నాడు. మూడుసార్లు పిలిచినా తిరిగి చూడలేదు. టీచర్ డైరీలో రాసుకుంది: "పిలిస్తే పలకడు. కళ్ళలోకి చూడడు." మోకాళ్ళు కలుక్కుమన్నా లెక్కచెయ్యకుండా బల్ల కిందికి దూరింది. గంటసేపు వాడి పక్కనే కూర్చుంది. చివరికి వాడు నీలం క్రేయాన్ ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడకి నిజంగానే కళ్ళు చెమ్మగిల్లాయి.

తర్వాత కథ చెప్పింది. ముందు వరసలో ఉన్ని టోపీ చెవుల కిందికి లాక్కుని కూర్చున్న గొడుగు పాప, కథ అయ్యేదాకా టీచర్ మొహం మీంచి చూపు తిప్పలేదు. అంత శ్రద్ధ పెద్ద క్లాసుల్లో కూడా చూడలేదావిడ. "గొడుగు పాపా, ఇలా రా" అంది. పక్క పిల్ల భుజం తట్టాక గానీ ఆ పాప లేవలేదు. పాపం, సిగ్గు.

"మన క్లాసులో శ్రద్ధగా వినే పిల్ల!" అంటూ ఆ పాపకి బంగారు రంగు నక్షత్రం అంటించింది. పిల్లలు చప్పట్లు కొట్టలేదు. రెండేసి చేతులు పైకెత్తి గలగలా ఊపారు. చప్పుడు లేకుండా మెచ్చుకోవడం కూడా ఒక్కపూటలో వచ్చేసిందే అని టీచర్ మురిసిపోయింది.

అప్పుడే తలుపు అద్దంలోంచి హెడ్ మేడమ్ కనిపించారు. పిల్లల్ని చూసి పడీపడీ నవ్వుతున్నారు. ఉద్యోగం వచ్చేసినట్టే అనుకుంది టీచర్.

పన్నెండయింది. హెడ్ మేడమ్ ఆర్డరు కాగితం బల్ల మీద పెట్టి, పెన్ను మూత తీశారు.

"చెప్పండి."

"డప్పు బాబండీ. పిలుపు అందదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకునే మనిషి కావాలి వాడికి."

"వాడా? పొద్దున వాళ్ళమ్మ నీలం చొక్కా వెయ్యలేదని అలిగాడు. అన్నం గంట కొడితే లేస్తాడు."

గంట కొట్టారు. డప్పు బాబు బల్ల కిందనుంచి వచ్చి అందరికంటే ముందు వరసలో నిలబడ్డాడు.

హెడ్ మేడమ్ పెన్ను మూత పెట్టేశారు. ఆయా బీరువా మీది ఫైలు దించి, కొంగుతో తుడిచి, మొదటి పేజీ తెరిచి టీచర్ ముందు పెట్టింది. అందులో ఇలా రాసి ఉంది:

"గొడుగు పాపకి పుట్టుకతో వినపడదు, ఆ పాప కోసం క్లాసంతా చేతులతో మాట్లాడటం నేర్చుకుంది, కాబట్టి గదిలో చప్పుడు లేదంటే అందరూ తెగ కబుర్లాడుకుంటున్నారని గ్రహించగలరు."