పడేసే గుర్రం

పక్షవాతం వచ్చి శ్రావ్య ఎడమ కాలు పట్టు తప్పాక, డాక్టరు మందులతో పాటు గుర్రం ఆట కూడా రాశారు. అప్పటికి అందరి హాళ్లలోనూ సోఫా పక్కన ఆట జీను, దాని చుట్టూ పరుపు ఉంటున్నాయి. దాంతో వచ్చే కళ్లద్దాలు పెట్టుకుని ఎక్కితే చుట్టూ కౌబాయ్‌ల ఎడారి, కింద కదిలే గుర్రం.

నెల గడిచేసరికి శ్రావ్యకు స్థిమితం లేకుండా పోయింది. ఆ గుర్రం పాముని చూసి బెదరడం లేదు, ఏటి రాళ్ల మీద జారడం లేదు.

"తరుణ్, దీన్ని ఈజీలో పెట్టావా?" అని భర్తని నిలదీసింది.

ఉల్లిపాయలు తరుగుతున్న తరుణ్ తల ఎత్తలేదు. "మొదటి వారం నువ్వు పడితే నా ప్రాణం పోయినంత పనైంది. ఆటే కదా, హాయిగా ఆడుకో."

"పరుపు మీదే పడనివ్వకపోతే, రేపు మెట్ల మీద పడ్డప్పుడు ఎలా లేవాలో నాకెవరు నేర్పుతారు?"

"డాక్టరు పడమని చెప్పలేదు."

"ఈజీలో పెట్టమనీ చెప్పలేదు."

ఆమె హార్డ్‌లో పెట్టి ఎక్కింది. ఎక్కడో తుపాకీ పేలింది. గుర్రం ఎగిరింది, జీను ఒరిగింది, శ్రావ్య పరుపు మీద పడింది. తరుణ్ కత్తి వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

"ముట్టుకోకు. గుర్రం పారిపోయింది. హార్డ్‌లో అయితే నడిచి వెళ్లి పట్టుకోవాలి."

కళ్లద్దాలు తీయకుండానే జీను ఊతంగా లేచింది. చేతికర్ర తీసుకోకుండా, ఎడమ కాలు ఈడుస్తూ, ఈల వేస్తూ హాల్లో నడిచింది. తరుణ్ టీపాయ్ పక్కకి లాగి, చేతులు వెనక్కి కట్టుకుని ఆమె వెనకే నడిచాడు.

"దొరికిందా?"

"దగ్గరికెళ్తే ఇంకా దూరం పోతోంది, దొంగమొహంది," అంటూ శ్రావ్య వరండాలోకి తిరిగింది.