మళ్ళీ ఊడిన క్లిప్పులు

“మళ్ళీ ఊడగొట్టుకొచ్చావా?”

పళ్ళ డాక్టర్ మాగ్దా చేతిలోని చిన్న అద్దాన్ని పళ్ళెంలోకి విసిరింది. నైలు ఒడ్డున ఈ కెనా ఊళ్ళో ఆవిడ కోపం తెలియని పిల్లలు లేరు. కుర్చీలో పడుకున్న పన్నెండేళ్ళ రవాన్ మాత్రం రెప్ప వేయలేదు. పై వరుసలో రెండు క్లిప్పులు లేవు. తీగ మెలితిరిగి బుగ్గలో గుచ్చుకుంటోంది.

“చెరకు నమిలావా?”

“నమిలాను.”

“నమలొద్దని చెప్పానా?”

“చెప్పారు.”

సిగ్గన్నది ఉంటేగా! పోయిన నెలా ఇంతే. అంతకుముందు దూమ్ కాయ కొరికింది. ఆ కాయ పగలాలంటే మగాళ్ళు కూడా రాయి వెతుక్కుంటారు.

బడికి వెళ్ళి, అందరి నోళ్ళూ చూసి, మాగ్దా తనే ఈ పిల్లని ఏరుకుని, పైసా తీసుకోకుండా వేసిన క్లిప్పులవి. అందుకే ఆ మంట.

“ఎదిగే పళ్ళే ఇవి! వేళ్ళింకా లేతగా ఉన్నాయి. ఎటు లాగితే అటొస్తాయి. తెగిన తీగ లాగితే వంకరకే పోతాయి. నీ కోరపన్ను చిగుళ్ళో ఇరుక్కుని దారి కోసం చూస్తోంది. ఈ వయసు దాటితే నేనూ ఏం చెయ్యలేను. తెలుస్తోందా?”

“తెలుస్తోంది.”

గుమ్మం దగ్గర తండ్రి దాహీ తలపాగా సర్దుకున్నాడు. పాపం, కోతలు వదిలేసి ప్రతిసారీ కూతురి వెంట వస్తాడు. వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న, “ఎప్పుడు తీసేస్తారు డాక్టరమ్మా?” అని. క్లిప్పు ఊడిన ప్రతిసారీ ఆ రోజు ఇంకా వెనక్కి పోతుంది. మిగతావాళ్ళు ఆడపిల్ల పన్ను నొప్పంటే లవంగం నొక్కి ఊరుకుంటారు. ఇలాంటి తండ్రి కడుపున ఇలాంటి మొండిఘటమా!

“గాడిదకి చెప్పినా వింటుంది డాక్టరమ్మా, ఇది వినదు. చెరకుతోటకి తాళం వెయ్యగలనా?”

“ముద్దు చేసి చెడగొట్టారు మీరు.”

“చేశాను. తప్పు నాదే.”

గొడవ చల్లార్చాలని నర్సు హమీదా మాట మార్చింది. “పోయినసారి ఊడిన పాలపన్ను ఏం చేశావే? అందరు పిల్లల్లా సూర్యుడి మీదికి విసిరావా? ‘గేదె పన్ను తీసుకో, పెళ్ళికూతురి పన్ను ఇవ్వు’ అన్నావా?”

“లేదు. దాచుకున్నాను.”

“దాచుకుంటారటే పిచ్చిమొహమా! అందుకే కొత్తది రానని అలిగింది.”

ఎవరూ నవ్వలేదు.

“చాలిక,” అంది మాగ్దా. “ఇలా తెగుతూ అతుకుతూ ఉంటే ఉన్న పళ్ళు కూడా పుచ్చిపోతాయి. తీసిపారేస్తాను. బతికినన్నాళ్ళూ వంకరపళ్ళతో తిరుగు. నీకదే శిక్ష!”

రవాన్ లేచి కూర్చుంది. ఇన్ని నెలల్లో ఆ కళ్ళలో నీళ్ళు చూడటం ఇదే మొదలు.

“వద్దు డాక్టర్! ఇంకెప్పుడూ నమలను. ఉండనివ్వండి. ఎన్నేళ్ళైనా ఉంచుకుంటాను.”

“నమిలేటప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకు? నోరు తెరువు!”

తెరవలేదు. పళ్ళు బిగించింది. డాక్టరుకి కోపం వస్తే ముందు పోయేవి చెవులు.

దాహీ వచ్చి కూతురి గడ్డం పట్టుకుని నోరు తెరిపించాడు. మాగ్దా తీగ తెంపింది. క్లిప్పులు ఒక్కొక్కటే పళ్ళెంలో టక్కుటక్కున పడ్డాయి. పిల్ల గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. మాగ్దా పట్టించుకోలేదు.

ఆఖరి క్లిప్పు పడగానే దాహీ కిటికీ దగ్గరికి వెళ్ళి ఫోను తీశాడు. మొహం వెలిగిపోతోంది.

“హాజీ బావా, తీగ తీసేశారు, నోట్లో ఇనుమున్న పిల్ల మాకొద్దన్నారుగా, ఇక ఈ గురువారమే పెళ్ళికొడుకుని తీసుకుని వచ్చెయ్యండి!”