మానిన పుండు

గుడిసెలోకి తల వంచి వస్తూనే లూకా ముక్కుతో గాలి పీల్చాడు.

"వాసన లేదేంది? నేనొస్తున్ననని ఇయ్యాల కడిగిన్రా?"

"అయ్యో, లేదు సారూ! రోజూ కడుగుత," అంది చిన్నక్క. గబగబా కొంగు సర్దుకుంది.

కంగారు ఉండదా మరి! తాటిచెట్టు మీంచి పడి మొగుడు బొజ్జయ్యకు నడుం కింద చచ్చుబడిపోయింది. అప్పటి నుంచి ఆ ఇంటిని నిలబెట్టింది మిషన్ దవాఖానా వాళ్ల ఇంటి వైద్యమే. టేకులపల్లి దాటి అడవిలో ఉన్న ఈ ఊరికి నర్సు రిబ్కా వారం వారం జీపులో వచ్చి పుండ్లకు కట్టు కడుతుంది. నెలనెలా బియ్యం, పప్పు, నూనె ఇచ్చిపోతుంది. మొగుణ్ణి వదిలి చిన్నక్క కూలికి పోలేదు. పిల్లలిద్దరి కడుపులు ఆ బియ్యంతోనే నిండుతున్నాయి. ఖమ్మం నుంచి తనిఖీకొచ్చిన ఈ సారు ఒక్క తప్పు పట్టినా అదంతా బంద్ అయిపోతుందని ఆమె భయం.

లూకా తప్పులు పట్టడానికే పుట్టినట్టున్నాడు. సిగ్నల్ లేని సెల్ ఫోన్ జేబులో పడేసి మంచం కిందికి వంగి చూశాడు. దుప్పటి దులిపాడు. నీళ్లకుండ మూత తీశాడు.

"కాగబెట్టిన నీళ్లేనా?"

"అవ్ సారూ."

"మనిషిని పక్కకు తిప్పుతున్నవా?"

"పొద్దంతా, రాత్రంతా తిప్పుతనే ఉంట. ఒక్క తీరున పండితే పుండ్లు పడతయని నర్సమ్మ చెప్పింది."

"మరి నువ్వెప్పుడు పంటవ్?"

మంచం మీంచి బొజ్జయ్య నవ్వాడు. "రొట్టె కాల్చినట్టు తిప్పుతది సారూ నన్ను."

లూకా అతని నడుం కింద పరీక్షగా చూశాడు. పోయినేడు పిడికిలి పట్టేంత పుండు ఉన్నచోట ఇప్పుడు కొత్త చర్మం. వేలితో నొక్కాడు. చీము లేదు, చెమ్మ లేదు. తనతో జీపులో వచ్చిన నర్సు వైపు తిరిగాడు.

"రిబ్కా, గిట్ల మానిన పుండు నేనెక్కడ చూడలే!"

చిన్నక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్ల చాకిరీకి ఒక్క మంచి మాట. గట్టెక్కాం అనుకుంది.

"అయితే వీళ్ల పేరు తీసేద్దాం," అన్నాడు లూకా.

రిబ్కా ఉలిక్కిపడింది. "సార్, మరి బియ్యం?"

"మన సాయం పుండ్లున్నోళ్లకే గదమ్మా. అవతల చీము కారేటోళ్లు ఎంతమంది ఎదురుచూస్తలేరు!" చిన్నక్క వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "శానా బాగ చేసినవ్ తల్లీ. మళ్ల పుండు పడితే కబురు పెట్టు, జల్దీ వస్తం. బియ్యం గూడ ఇస్తం."

పాపం, మనసులో ఏమీ లేని మనిషే. ఏం లాభం! జీపు వెళ్లిపోయింది.

చిన్నక్క గడపలో కూలబడింది. లోపల పిల్లలు అన్నం అన్నం అంటున్నారు. బొజ్జయ్య వాళ్లవైపే చూస్తూ పడుకున్నాడు. కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకొని లేచి, అలవాటుగా అతని భుజం కింద చెయ్యి పెట్టింది. అతను ఆ చెయ్యి పట్టుకొని ఆపాడు.

"ఇగ నన్ను తిప్పకు."