పదిహేడు నంబరు పానా

"నువ్వే చేయి పెట్టి చూడు మేస్త్రీ. వణుకుతోందా, లేదా?"

హెడ్మాస్టరు గొంతు వింటే బడిపిల్లలు ఎందుకు హడలిపోతారో తెలుస్తుంది. మేస్త్రి బానెట్ మీద అరచేయి ఆనించాడు. ఆనించాల్సిన పని కూడా లేదు, ఆ పెద్ద బండి నిలబడ్డచోటే గజగజలాడుతోంది. వెనక సీట్లో హెడ్మాస్టరు భార్య, ఆమె ఒడిలో ఏడు నెలల బాబు. లోకం తలకిందులైనా తనకేం పట్టనట్టు వాడు ఆదమరిచి నిద్రపోతున్నాడు.

ఇది మూడోసారి. మొదటిసారి వచ్చినప్పుడు ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ అరిగిపోయి కనిపించింది. కొత్తది వేశాడు. భార్యాభర్తలిద్దరినీ దగ్గరికి పిలిచి, టార్చి వేసి మరీ చూపించాడు. "ఇదిగోండి, ఈ ఒక్క నట్టు సగం చుట్టు వదులైతే చాలు, బండంతా ఊగిపోతుంది!" తన పనితనం నలుగురికీ చెప్పుకోకపోతే మేస్త్రికి అన్నం సహించదు.

వారం తిరక్కుండా బండి మళ్లీ వచ్చింది. నట్టు వదులైంది. తానే సరిగ్గా బిగించలేదేమోనని నాలిక కరుచుకుని, బిగించి, ఎందుకైనా మంచిదని నట్టు మీంచి పక్క రేకు మీదికి తెల్లరంగుతో సన్నని గీత గీశాడు. నట్టు వెంట్రుకవాసి కదిలినా ఆ గీతే చెప్పేస్తుంది.

ఇప్పుడు బానెట్ ఎత్తి చూస్తే గీత రెండు ముక్కలైంది. నట్టు అంచుల మీద పానా ఒరుసుకున్న కొత్త గాట్లు మెరుస్తున్నాయి. అది దానంతటది వదులు కాలేదు. ఎవరో పనిగట్టుకుని తిప్పారు.

అనుమానం ముందుగా రోడ్డు దాటి బావమరిది మీద వాలింది. ఆరేళ్లు తన దగ్గరే పని నేర్చుకుని, ఆర్నెల్ల కిందట ఎదురుగానే షెడ్డు తెరిచిన ఘనుడు వాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పైగా ఇక్కడ సంగతి ఈ ఒక్క బండిది కాదు. ఇది కుదుటపడితే బడి వ్యాన్లు ఆరూ నీకే అప్పగిస్తానని హెడ్మాస్టరు మాటిచ్చాడు. అవి వస్తే షెడ్డు నిలుస్తుంది. రాకపోతే నెలాఖరుకి మూతపడుతుంది.

"సార్, బండి ఎక్కడ పెడతారు?"

"గేటు లోపల. గేటుకి ఎప్పుడూ తాళమే."

"మరి బండి తాళం?"

"ఇంట్లో మేకుకి తగిలిస్తాం. ఉండేది మేమిద్దరం, వీడు. అయినా నన్ను అడుగుతావేంటి? నువ్వు బాగుచేసిన రోజు నుంచి మా ఇంట్లో మనశ్శాంతి లేదు. పైగా డీజిల్ మంచినీళ్లలా తాగేస్తోంది. తిరిగిందేమో ఇంటికీ బడికీ, అంతే!"

డీజిల్ కూడానా! మేస్త్రి అనుమానం మళ్లీ రోడ్డు దాటి వెనక్కొచ్చింది. బానెట్ తెరవాలంటే బండి లోపలి మీట లాగాలి. అది తాళం ఉన్నవాళ్ల పని. వ్యాన్లు లోపాయికారీగా బావమరిదికి ఇచ్చేసి, తప్పు తన నెత్తిన రుద్దాలని ఈ పెద్దమనిషే చూస్తున్నాడా? ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ కళ్ల కింద నల్లని చారలు. ఇంట్లో ఏదో గొడవ నడుస్తోంది, ఖాయం.

నట్టు బిగించి, బానెట్ మీద గ్లాసుతో నీళ్లు పెట్టి ఇంజన్ తిప్పాడు. నీళ్లు తొణకలేదు. ఇంజన్ కడుపులో చల్ల కదలకుండా తిరుగుతోంది.

"మీ బండిలో పానాల సంచి ఓసారి చూపిస్తారా సార్?"

హెడ్మాస్టరు విసుక్కుంటూ డిక్కీలోంచి తీసి చేతిలో పడేశాడు. మేస్త్రి విప్పి చూశాడు. ఒక అర ఖాళీగా ఉంది.

"పదిహేడు నంబరు పానా ఏది సార్? ఈ నట్టుకి సరిగ్గా పట్టేది అదే."

"అంటే? నేనే విప్పానంటావా?"

"మీ పేరు నేనెత్తలేదు సార్."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదేగా అనుకున్నాడు మేస్త్రి. హెడ్మాస్టరు ముఖం కందగడ్డ అయింది. ఆ అరుపులకి కాబోలు బాబు లేచి కెవ్వుమన్నాడు. పోయినసారీ ఇంతే. వచ్చేటప్పుడు నిద్ర, వెళ్లేటప్పుడు ఏడుపు. తన షెడ్డు గాలి ఆ పసివాడికి పడదేమో.

"మీ బావమరిదినే తీసుకొస్తా. వాడే చూసి తేలుస్తాడు. తప్పు నీదైతే వ్యాన్లు వాడివే!" అంటూ హెడ్మాస్టరు విసురుగా రోడ్డు దాటాడు.

మేస్త్రి ఇరవై ఏళ్లుగా కూడబెట్టుకున్న పేరు ఒక్క నట్టు దగ్గర జారిపోతోంది.

హెడ్మాస్టరు భార్య గుక్కపట్టిన బిడ్డతో బండి దిగింది. రోడ్డు వైపు ఓసారి చూసి, బాబు సంచిలో చేయి పెట్టింది. పాలసీసా పక్కనుంచి, మసి మరకలున్న తెల్లగుడ్డలో చుట్టిన పానా తీసి మేస్త్రి చేతిలో పెట్టింది. పదిహేడు నంబరు.

"మీరా అమ్మా!" మేస్త్రి నోరు తెరిచాడు. "మీకు నేనేం అపకారం చేశాను? నా పొట్ట కొట్టడం దేనికి?"

"అయ్యో, అంత మాట అనకండి అన్నయ్యా." ఆమె మళ్లీ రోడ్డు వైపు చూసింది. "తప్పు నాదేనని ఆయనకి నేనే చెబుతాను. వ్యాన్లూ మీకే ఇప్పిస్తాను. మీకు పుణ్యముంటుంది, ఆయన వచ్చేలోపు ఆ నట్టు ఒక్క సగం చుట్టు వదులు చేసిపెట్టండి."

"మంచిగా నడిచే బండిని చెడగొట్టమంటారేంటమ్మా?"

ఆమె ఏడుస్తున్న బాబుని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

"బండి వణికితేనే వీడు నిద్రపోతాడు."