కాటప్ప పెట్టిన షరతు

"సూపర్‌మార్కెట్‌కు కాయలు ఇస్తాను. కానీ ఒక్క షరతు" అన్నాడు కాటప్ప. "నీ బండి బెంగళూరులో పీణ్యా వెనకుండే షీట్ల ఇండ్ల కాలనీకి కూడా పోవాల. ఆడికి పోకపోతే నాకీ యాపారమే వద్దు."

యోగీశ్ తెల్లబోయాడు. అతనిది పావగడ. ఈమధ్యే వ్యాను కొని, చుట్టుపక్కల రైతుల కూరగాయలు బెంగళూరులో ఒక సూపర్‌మార్కెట్‌కు చేర్చే పని మొదలుపెట్టాడు. కాటప్ప ఊరు మంగళవాడ చుట్టూ పొలాలు చాలావరకు సోలార్ ప్లేట్ల కిందికి పోయాయి. బోరు నీళ్లతో ఇంకా కూరగాయలు పండిస్తున్న కొద్దిమందిలో కాటప్ప ఒకడు. అతని వంకాయలు చూసి సూపర్‌మార్కెట్ మేనేజరు కేశవమూర్తి మనసు పారేసుకున్నాడు. అవి లేకుండా బండి తన గుమ్మం తొక్కొద్దన్నాడు.

"ఆ కాలనీలో ఏముండాదన్నా?"

"అంతా గార్మెంట్స్‌కు పోయే ఆడోళ్లు. ఆ సందుల్లోకి తోపుడుబండి కూడా రాదంట. వాడిపోయిన కూరలే తింటారంట. వాళ్లు మాత్రం మనుషులు కాదా?"

యోగీశ్ కళ్లు చెమర్చాయి. సంగతి విని కేశవమూర్తి కళ్లూ చెమర్చాయి. వంకాయల అర పైన కాటప్ప ఫొటో పెద్దది చేయించి పెట్టాడు. కింద 'పేదల ఆకలి తెలిసిన రైతు' అని రాయించాడు.

మొదటి రోజు సూపర్‌మార్కెట్‌లో సగం సరుకు దించి, మిగతా సగంతో కాలనీకి వెళ్లాడు యోగీశ్. బండి ఆగిందో లేదో ఆడవాళ్లు చుట్టుముట్టారు. బేరం జోరుగా సాగుతుండగా నీలం గేటు తీసుకుని ఒకావిడ వచ్చింది. నడివయసు మనిషి. కొంగు నడుముకు దోపుకుని ఉంది.

"యా ఊరివప్పా ఇవి?"

"మంగళవాడవమ్మా. కాటప్ప అనే రైతువి. బంగారం మాదిరి మనిషి."

ఆవిడ ఒక వంకాయ తీసి అటూ ఇటూ తిప్పింది.

"ఇది వంకాయనా? నీళ్లెక్కువ తాగిండాది. మోటరేసి నిద్రపోయింటాడు, బంగారం మాదిరి మనిషి!"

కాయ తిరిగి క్రేటులో పడింది. అది చూసి మిగతావాళ్లూ కాటప్ప కాయలు వదిలేసి, పక్క క్రేట్లు చూసుకున్నారు.

యోగీశ్ మర్నాడు భయపడుతూనే ఆ మాట కాటప్ప చెవిన వేశాడు.

"ఇంకేమన్నాది?" కాటప్ప ఆత్రంగా అడిగాడు.

"అంతేనన్నా."

"నవ్వతా అన్నాదా, కోపంగా అన్నాదా?"

"మండిపడతా అన్నాది."

కాటప్ప తల పంకించాడు. ఈసారి లేత బీరకాయలు ఏరి, ఒక్కోదాన్నీ తడిగుడ్డలో చుట్టి పంపాడు.

"కాయ మూరెడుండాది. రుచి జానెడు కూడా లేదు" అంది నీలం గేటావిడ. "పండించినోని మాదిరే!"

ఆ తర్వాత టమోటాలు వెళ్లాయి. కాటప్ప వాటిని కడిగి, తువ్వాలుతో తళతళలాడేలా తుడిచాడు.

"పెండ్లికొడుక్కి పౌడరేసినట్టుండాది. లోపలంతా పులుపే!"

కాలనీ అంతా పడీపడీ నవ్వింది. యోగీశ్‌కు తల కొట్టేసినట్టయింది.

"అన్నా, ఆ కాలనీ మానేద్దాం. ఆ నీలం గేటామె నోరు మంచిది కాదు."

"ఏయ్!" కాటప్ప కంఠం ఖంగుమంది. "గిరాకీని అట్లా అనగూడదు!"

ఇంత అవమానంలోనూ గిరాకీని పల్లెత్తు మాట అననివ్వని రైతును యోగీశ్ అంతవరకూ చూడలేదు. సూపర్‌మార్కెట్‌లో ఆ ఫొటోకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

కానీ తర్వాతి వారం కథ ముదిరింది. బండి దగ్గరికి ఒక్కరూ రాలేదు. నీలం గేటావిడ చేతులు కట్టుకుని అడ్డంగా నిలబడింది.

"ఆ కాటప్పనే రమ్మను. వచ్చి జవాబు చెప్పేంతవరకు ఈడ ఒక్క కాయ కొనేది లేదు."

యోగీశ్ తెచ్చిన ఈ కబురుకు కాటప్ప భుజం మీది తువ్వాలు జారిపోయింది.

మరుసటి ట్రిప్పుకు అతనే బండెక్కాడు. మీసానికి నల్లరంగు, ఒంటి మీద ఇస్త్రీ చొక్కా, ఒళ్లో వంకాయల బుట్ట. దారి పొడుగునా చెమట తుడుచుకుంటూనే ఉన్నాడు.

"పంచాయితీ ఎలక్షన్‌లో నిలబడినప్పుడు కూడా ఇంత గుబులు లేదప్పా" అన్నాడు.

కాలనీ మొత్తం వీధిలోనే ఉంది.

"వచ్చినాడా పెద్దమనిషి?" అంది నీలం గేటావిడ.

"నాది ఏం తప్పుండాదో చెప్పు" అన్నాడు కాటప్ప, నేల చూపులు చూస్తూ.

"ఒకటా రెండా? చెప్తే వినేది లేదు. అన్నీ నాకే తెలుసంటాడు. ఎవురన్నా మంచి మాట చెప్తే ఎగిరెగిరి పడతాడు. ఇట్లాంటోడు పండిస్తే కాయకు రుచి యాడనుంచి వస్తాది?"

"తప్పయిపోయింది" అన్నాడు కాటప్ప. "ఇంకమీదట నువ్వు చెప్పినట్టే నీళ్లు కడతాను."

యోగీశ్ నోరు తెరుచుకుని చూశాడు. గిరాకీకి ఇంత మర్యాదా!

ఆవిడ బుట్టలోంచి ఒక వంకాయ తీసి, చాలాసేపు చూసింది.

"పొలం చూడాల. చూస్తేగానీ నమ్మను."

లోపలికి వెళ్లి బట్టల సంచీతో తిరిగొచ్చింది. నేరుగా వ్యాను ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. కాటప్ప వెనక్కి ఎక్కి క్రేట్ల మధ్య సర్దుకున్నాడు.

యోగీశ్ బండి స్టార్ట్ చేయలేదు. పరాయి ఆడమనిషి. ఎవరైనా కంప్లయింట్ ఇస్తే బండి స్టేషన్‌లో ఉంటుంది.

"అమ్మా, అంత దూరం పోతుండారు. మీ ఇంటాయనకు ఒక మాట చెప్పి రాండమ్మా!"

"చెప్పేదేముండాదప్పా, అలిగి చెల్లెలింటికొచ్చిన నన్ను పిలుచుకోని పోయేదానికొచ్చి, ఆ ఎనకాల క్రేట్ల మధ్య ముడుక్కోని కూర్చున్నాడు గదా మా ఇంటాయన!"