లెక్కలోకి రాని జీతం

ప్రభుత్వ సాయం ఆఫీసు నుంచి తనిఖీ మేడమ్ మెట్లెక్కుతోందని కింది వాటా ఆవిడ కేకేసి చెప్పింది. పైన తల్లికి కాళ్లూ చేతులూ ఆడలేదు.

కూతురు యూనిఫాం వేసుకుని, అద్దం ముందు నిలబడి రెండో జడ అల్లుకుంటోంది. బడి సంచి మంచం మీద సిద్ధంగా ఉంది. అంతవరకు బాగానే ఉంది. బాగాలేనిది దండెం మీద ఆరుతోంది. లాండ్రీలో వేసుకునే ఏప్రన్. దాని మీద లాండ్రీ పేరు కుట్టి ఉంది.

‘‘తియ్యవే దాన్ని’’ అందామనుకుంది తల్లి. మెట్ల మీద అడుగులు వినబడి, దండెం వైపు చూసింది.

అమ్మమ్మ ఆ చూపు కనిపెట్టింది. కూర్చున్న చోటు నుంచే చేతికర్రతో ఏప్రన్‌ను లాగి, మోకాళ్ల మీద కప్పుకుంది. కంగారులో పేరున్న వైపు పైకి వచ్చింది.

నడుం దెబ్బతిని కుట్టు ఫ్యాక్టరీలో పని పోయినప్పటి నుంచి తల్లికి నెలనెలా సాయం అందుతోంది. అద్దె దానితోనే గడుస్తోంది. ఇంట్లో ఇంకొకరు సంపాదిస్తే సాయం ఆపేస్తారని ఆ భవనంలో అందరూ అంటారు. పై వాటాలో డ్రైవర్ కొడుకు పెట్రోల్ బంకులో చేరాడు. ఎవరో చెప్పేశారు. సాయం ఆగింది. అంతకుముందు ఇచ్చింది కూడా తిరిగి కట్టమన్నారు. వాళ్లు సామాన్లు సర్దుకుని వెళ్లిపోవడం ఈమె కిటికీలోంచి చూసింది.

అసలు నియమం ఏమిటో ఆఫీసుకెళ్లి అడుగుదామని కూతురు ఒకసారి అంది. తల్లి ఒప్పుకోలేదు. అడిగితే ఎందుకడిగావని అడుగుతారు. అప్పుడేం చెప్తావు?

అందుకే కూతురు సాయంత్రం పూట చేసే లాండ్రీ పని సంగతి గడప దాటనివ్వలేదు. ఇరుగుపొరుగుకి చెప్పొద్దు, బడిలో అసలే చెప్పొద్దు అని పిల్లకి నూరిపోసింది. పిల్ల మాట విన్నది. ఈ మధ్య ఇంట్లో స్నేహితురాళ్ల ఊసు కూడా ఎత్తడం లేదు. నోరు అదుపులో పెట్టుకోవడం నేర్చుకుందని తల్లి సంతోషించింది. లాండ్రీ యజమాని కూడా మంచివాడిలా ఉన్నాడు, అడక్కుండానే జీతం పెంచాడు.

మేడమ్ లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది. మంచినీళ్లు తాగింది. నడుం ఎలా ఉందని, మందులు వాడుతున్నారా అని అడిగింది. తల్లి తలూపుతూ పోయింది. అడిగిందానికీ ఊపింది, అడగనిదానికీ ఊపింది. మేడమ్ చూపు గోడ మీద నుంచి, అద్దం మీద నుంచి వచ్చి అమ్మమ్మ మోకాళ్ల మీద ఆగింది.

‘‘లాండ్రీలో ఎవరు చేస్తున్నారమ్మా?’’

కూతురి చేతిలో రిబ్బను జారి కింద పడింది.

‘‘నేనే’’ అంది అమ్మమ్మ.

మేడమ్ చేతికర్ర వైపు చూసింది. ‘‘ఏం పని చేస్తారు?’’

‘‘ఇస్త్రీ.’’

‘‘నిలబడేనా?’’

‘‘కుర్చీ వేస్తారు. పెద్దవాళ్లంటే మర్యాద తెలిసినవాళ్లు.’’

మేడమ్ నవ్వలేదు. ఆ నవ్వకపోవడం చూసి తల్లి ఇక ఆగలేకపోయింది. ఉన్నదంతా చెప్పేసింది. పిల్ల తప్పేం లేదని, తనే పంపానని, కావాలంటే ఇవాళే మాన్పిస్తానని, సాయం మాత్రం ఆపొద్దని బతిమాలింది. చెప్తూ చెప్తూ గోడకి చేరగిలబడిపోయింది. కూతురు గుమ్మం పక్కనే నిలబడి ఉంది.

మేడమ్ కుర్చీ ముందుకు జరుపుకుంది.

‘‘ఇన్నాళ్లూ దీనికా భయపడ్డారు? చదువుకునే పిల్లల సంపాదన మేం లెక్కలోకి తీసుకోం. బడికి పోతున్నంత కాలం ఎంత తెచ్చినా మీ సాయం మీకే.’’

తల్లి నమ్మలేదు. మరి డ్రైవర్ కొడుకు సంగతేమిటని అడిగింది.

‘‘ఆ అబ్బాయి బడి మానేశాడమ్మా. అందుకే ఆపాం.’’

తల్లి ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. అమ్మమ్మ ఏప్రన్ తీసి మడత పెడుతూ, తన ఉద్యోగం ఊడినట్టేనా అని అడిగింది. ఈసారి మేడమ్ నవ్వింది. పిల్ల బడి తన దారిలోనే ఉందని, హెడ్‌మిస్ట్రెస్‌ని ఒక మాట అడిగి రాసుకుంటే తన పని అయిపోతుందని చెప్పింది. బడికి టైమవుతోంది కాబట్టి పిల్లని తనతో పాటే రమ్మని, ముందు మెట్లు దిగింది.

‘‘వెళ్లవే, మేడమ్ ఆగదు’’ అంటూ తల్లి బడి సంచి తీసి కూతురి భుజానికి తగిలించింది. కూతురు కదల్లేదు. పిల్లకి ఇంకా భయం తీరలేదనుకుని తల్లి దాని చెయ్యి పట్టుకుంది.

కింద నుంచి మేడమ్ పిలిచింది.

కూతురు తల్లి చెవి దగ్గరికి వంగింది. ‘‘ఎక్కడ పని చేస్తున్నావని టీచరు అడిగిన రోజు నుంచి నేను బడికే వెళ్లట్లేదమ్మా.’’